రోహిణి కార్తెకు ముందే: సోలార్ ప్యానెళ్లపై నీళ్లు చల్లాలనుకునేవారికి జాగ్రత్తలు

ఎండ ముదిరేకొద్దీ డాబా మీది సోలార్ ప్యానెళ్లు ఎక్కువ కరెంటు ఇస్తాయని చాలామంది అనుకుంటారు. వెలుతురు పెరిగితే ఉత్పత్తి పెరిగే మాట నిజమే కాని, వేడి పెరిగితే అది తగ్గుతుంది. ప్యానెల్ వెనక రాసి ఉండే వాట్లు సెల్ (ప్యానెల్‌లో కరెంటు పుట్టించే పలక) ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క; అంతకు మించిన ప్రతి డిగ్రీకీ సిలికాన్ ప్యానెల్ శక్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గాలే 44 డిగ్రీలుంటే ప్యానెల్ 65 డిగ్రీలకు చేరడం మామూలే కనుక, 3 కిలోవాట్ల ఇంటి సోలార్ ఏర్పాటుకు ఆ వేళ 400 వాట్ల దాకా నష్టం ఉంటుంది. నీళ్లు చల్లి ఈ నష్టాన్ని కొంత తగ్గించవచ్చు. అయితే ఏ వేళ, ఏ నీళ్లు, ఎలా చల్లాలో తెలియకుండా మొదలుపెడితే పాతికేళ్లు పనిచేయవలసిన ప్యానెళ్లనే పాడుచేసుకుంటాం.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేళ తప్పడం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు కాగిపోయిన గాజుపై బోరు నుంచి అప్పుడే తోడిన చల్లటి నీళ్లు ఒక్కసారిగా పోస్తే ఆ గాజు బిగుసుకుని పగలవచ్చు, పైకి పగలకపోయినా లోపలి సెల్స్‌లో కంటికి కనబడని చీలికలు ఏర్పడవచ్చు. ఇలాంటి నష్టానికి వారంటీ వర్తించకపోవచ్చు కాబట్టి, ప్యానెల్‌తో ఇచ్చిన పుస్తకంలో నీటి ఉష్ణోగ్రత గురించి ఏం రాశారో ముందే చదవాలి, బిగించినవారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. చల్లడం ప్యానెళ్లు ఇంకా వేడెక్కని ఉదయం వేళే మొదలుపెట్టి, కొద్దికొద్దిగా విరామాలిస్తూ కొనసాగించాలి. మధ్యలో కరెంటు పోయి మోటారు ఆగితే ఆ రోజుకు మానేయడమే మంచిది. ఎందుకంటే గ్రిడ్ (వీధి లైను) కరెంటు లేనప్పుడు, ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టర్ కూడా మామూలుగా ఆగుతుంది, కరెంటుగా మారవలసిన భాగం కూడా వేడిగానే మిగిలి ప్యానెల్ ఇంకా కాగుతుంది. కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరిగితే సరిగ్గా ఆ గాజు మీదే చల్లటి నీళ్లు పడతాయి. టైమరు పెట్టేవారు ఈ సంగతి తప్పక చూసుకోవాలి.

నీళ్ల విషయంలోనూ అంతే శ్రద్ధ కావాలి. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు నీళ్లు, సున్నం ఎక్కువ. చల్లిన ప్రతిసారీ నీళ్లు ఆవిరైపోయి సున్నం మిగిలిపోతుంది. నెల తిరిగేసరికి గాజుపై తెల్లటి పొర, ముఖ్యంగా కింది ఫ్రేము అంచున గట్టి గీత కడుతుంది. ఆ గీత కింది వరుస సెల్స్‌కు నీడగా మారి, చల్లదనంతో వచ్చిన లాభాన్ని మించి నష్టం చేస్తుంది, గోకితే గాజు పైపూత పోతుంది. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లు వృథా పోతున్నాయని వాడాలనిపిస్తుంది కాని, ఉప్పంతా చేరేది వాటిలోనే కనుక వాడకూడదు. మంచి నీళ్లు లేనిచోట చల్లే ఆలోచన మానుకుని, వారానికో పదిరోజులకో తెల్లవారకముందే మెత్తటి గుడ్డతో కడిగి ఆరబెడితే చాలు.

కరెంటు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. ఇన్వర్టర్ ఆపినా ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల తీగల్లో కరెంటు ఉంటుంది. ఆరు పెద్ద ప్యానెళ్లు వరుసగా కలిపితే అది 250 వోల్టులు దాటుతుంది. అందువల్ల నీళ్లు చల్లడం మొదలుపెట్టేముందు ఎర్తింగ్‌ను, వెనకవైపు తీగల అతుకులను ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి, గాజు పగిలిన ప్యానెల్‌పై చుక్క నీరు పడనివ్వకూడదు, కింది నుంచి జంక్షన్ పెట్టెలవైపు (ప్యానెల్ వెనక తీగలు కలిసేచోటు) పైపు పట్టకూడదు. తడిసిన డాబాపై పాచి పట్టి జారుతుంది కాబట్టి పిల్లలను పైకి పంపవద్దు.

ఇక ఖర్చు లెక్క. నీళ్లతో 20 డిగ్రీలు తగ్గించగలిగినా 3 కిలోవాట్ల ఏర్పాటులో తిరిగి వచ్చేది 200 వాట్ల చిల్లర మాత్రమే. అర హెచ్‌పీ మోటారు అంతకంటే ఎక్కువే తింటుంది. కనుక మోటారు ఆపకుండా తిప్పడం నష్టమే. డాబా మీది ట్యాంకు నుంచి సన్నటి రంధ్రాల పైపుతో వాటంగా నీళ్లు దించితే మేలు. ఆ నీళ్లు వెచ్చగా ఉన్నా ఆవిరవుతూ చల్లబరుస్తాయి, గాజుకు దెబ్బ తక్కువ. వేసవిలో తాగునీటికి ఎదురుచూసే ఊళ్లలో మాత్రం ఈ పని వద్దని గట్టిగా చెబుతాను. అక్కడ ప్యానెళ్ల కింద గాలి ఆడేలా జానెడు ఎడం ఉంచి, ఆ ఎడంలో పెట్టిన పాత సామాను తీసేస్తే నీటిబొట్టు ఖర్చు లేకుండానే కొంత వేడి తగ్గుతుంది.

మొదలుపెట్టాక ఒకటే రకం ఎండ ఉన్న రోజుల్లో, ఒక రోజు చల్లి మరో రోజు మాని, ఇన్వర్టర్ చూపే యూనిట్లను రాసుకోండి. మోటారు వాడిన యూనిట్లను తీసివేసిన తర్వాత రోజుకు అర యూనిట్ కూడా మిగలకపోతే ఆ పైపు విప్పేసి మొక్కలకు పెట్టుకోండి.