వీడియోలో సాక్ష్యం చెబుతున్న బిడ్డ ఆగిపోతే ఎక్కడ చూడాలి?

తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు సాక్ష్యం రోజున బిడ్డ పక్కన కూర్చునే సపోర్ట్ పర్సన్లు, పారా లీగల్ వాలంటీర్లు, లింకు చూసుకునే కోర్టు సిబ్బంది, బిడ్డను తీసుకొచ్చే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. నేను రిమోట్ గదిలో ఉండే మనిషిని. అంటే జడ్జిగారు కోర్టు హాల్లో ఉంటే, బిడ్డతో పాటు వేరే గదిలో తెర ముందు కూర్చునేదాన్ని.

బిడ్డ జవాబు చెప్పలేకపోతే రికార్డులోకి ఎక్కేది "సాక్షి మౌనంగా ఉంది" అనే ఒక్క ముక్క. మైకు పనిచేయక ఆగిపోయిందా, తెర మీద ఎవరి మొహమో చూసి ఆగిపోయిందా అన్నది కాగితం మీద ఉండదు. రేపు వాదనల్లో ఆ మౌనానికి ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెబుతారు. అందుకే బిడ్డ ఆగిన మరుక్షణం "చెప్పమ్మా, భయపడొద్దు" అనడం మాని గదిని చూడండి. నేను చూసినంతవరకు తప్పు ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

బాగా చెబుతున్న బిడ్డ ఉన్నట్టుండి నోరు మూసుకుంది

మొదట తెర చూడండి. ముద్దాయి కనిపిస్తున్నాడేమో!

ఇది మూడు రకాలుగా జరుగుతుంది. కోర్టు హాల్లో కెమెరా ఒక మూలన బిగించి, హాలంతా కనిపించేలా పెట్టి ఉంటారు. జడ్జిగారితో పాటు బోను కూడా అందులో పడుతుంది. రెండోది, ముద్దాయి రిమాండులో ఉంటే అతన్ని జైలు నుంచి అదే లింకులో కలుపుతారు. అప్పుడు అతని మొహం ఒక పెట్టెలో బిడ్డ ఎదురుగానే ఉంటుంది. మూడోది అన్నిటికన్నా మోసకారి. మీటింగ్ సాఫ్ట్‌వేర్ ఎవరి మైకులో శబ్దం వస్తే వాళ్ల బొమ్మను పెద్దది చేస్తుంది. ముద్దాయి ఒక్కసారి దగ్గితే చాలు, తెర నిండా అతనే. బిడ్డ నా చెయ్యి పట్టుకుని, "వాడు ఆడ కనిపిస్తా ఉండాడక్కా" అని గుసగుసగా చెప్పిందాకా హాల్లో ఎవరికీ సంగతి తెలియదు. వాళ్ల తెర మీద అంతా సవ్యంగానే ఉంటుంది మరి.

చేయాల్సింది ఇది. బిడ్డ ముందున్న కంప్యూటర్లో జడ్జిగారి బొమ్మను పిన్ చేసి, అదొక్కటే తెర నిండా ఉండేలా పెట్టండి. అందరినీ గళ్లుగళ్లుగా చూపించే ఏర్పాటు తీసేయండి. ముద్దాయి వైపు మైకు హోస్టే, అంటే మీటింగ్ నడిపేవాళ్లే, మ్యూట్‌లో పెట్టాలి. అయితే అతని లైను మాత్రం కట్ చేయకూడదు. పోక్సో చట్టం 36వ సెక్షన్ ఒకే చోట రెండూ చెబుతుంది: సాక్ష్యం సమయంలో బిడ్డకు ముద్దాయి ఏ రకంగానూ ఎదురుపడకూడదు, అదే సమయంలో ముద్దాయికి బిడ్డ చెప్పేది వినపడాలి, తన లాయరుతో మాట్లాడే వీలుండాలి. రెండోది తప్పితే ఆ సాక్ష్యం మీద అప్పీలులో ప్రశ్న వస్తుంది, బిడ్డను మళ్లీ పిలిచే పరిస్థితి రావచ్చు. అతనికి బిడ్డ గొంతు వినిపించనివ్వండి, అతని బొమ్మ మాత్రం బిడ్డ వైపు రానివ్వకండి.

అదే తెర మీద బొమ్మ కింద పేర్లు కూడా చూడండి. లింకులో చేరేటప్పుడు ఎవరో బిడ్డ అసలు పేరు కొట్టి ఉంటారు. బాధితురాలి వివరాలు బయటపెట్టకూడదని చట్టం అంత గట్టిగా చెబుతుంటే, పేరు అందరి తెర మీదా వెలుగుతూ ఉంటుంది. పి.డబ్ల్యు.1 (ప్రాసిక్యూషన్ ఒకటో సాక్షి) అని మార్చేయండి. పనిలో పనిగా బిడ్డకు తన సొంత మొహం కనిపించే చిన్న పెట్టెను కూడా దాచేయండి. ఏడుస్తున్న తన మొహం తనకే కనిపిస్తుంటే ఏ బిడ్డా మాట్లాడదు.

జవాబు ఆలస్యంగా వస్తోంది, లేదా ఒకే ప్రశ్నకు రెండు రకాల జవాబులు

డిఫెన్స్ లాయరు క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, దీన్ని వెంటనే పట్టుకుంటారు. "ఇప్పుడు కాదంది, ఇప్పుడే అవునంది" అంటారు. చాలాసార్లు కారణం శబ్దం వెళ్లే దారిలో ఉంటుంది.

పోక్సో చట్టం 33వ సెక్షన్ ప్రకారం ఇటు పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) అయినా, అటు ముద్దాయి లాయరైనా ప్రశ్నను కోర్టుకు చెప్పాలి. కోర్టు దాన్ని బిడ్డను అడగాలి. కానీ హాల్లో అందరి మైకులూ తెరిచే ఉంటే బిడ్డకు ఒక ప్రశ్న రెండుసార్లు చేరుతుంది. ముందు లాయరు గొంతులో గట్టిగా, కోర్టు భాషలో. ఆ తర్వాత జడ్జిగారి గొంతులో నెమ్మదిగా, మామూలు తెలుగులో. మొదటిదానికి బిడ్డ "లేదు" అంటుంది, రెండోది అర్థమయ్యాక "అవును" అంటుంది. స్టెనో రెండూ కొడతారు.

కాబట్టి బిడ్డ వైపు వెళ్లే మైకు జడ్జిగారిది ఒక్కటే ఉండాలి. లాయర్ల ముందున్న మైకులు మ్యూట్‌లో ఉండాలి. ఈ సంగతి బెంచ్ క్లర్కుకు ముందురోజే చెప్పి పెట్టుకోవడం మంచిది, చీఫ్ (పీపీ తరఫు మొదటి ప్రశ్నలు) మొదలయ్యాక చెబితే అందరికీ టెన్షన్. చట్టం చెప్పిన పద్ధతి, మైకుకు కావాల్సిన పద్ధతి ఇక్కడ ఒకటే కాబట్టి ఎవరూ కాదనరు.

గొంతు ప్రతిధ్వనిస్తుంటే బిడ్డ గదిలో స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి వెళుతోందని అర్థం. స్పీకర్‌ను మైకుకు దూరంగా, బిడ్డ వెనక్కి కాకుండా ముందుకు పెట్టండి. హెడ్‌ఫోన్ పెడితే శబ్దం బాగుంటుంది కానీ చిన్న బిడ్డలకు అది ఇబ్బంది, పక్కన ఉన్న నాకూ ప్రశ్న వినపడదు. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంటే వైఫై వదిలేసి లాన్ కేబుల్ పెట్టండి. మాట చేరడానికి ఎంతోకొంత ఆలస్యం ఎప్పుడూ ఉంటుంది. ప్రశ్న అడిగాక కాసేపు ఆగమని జడ్జిగారికి పీపీ ద్వారా విన్నవించండి. జవాబు దారిలో ఉండగానే రెండో ప్రశ్న పడితే, మొదటి జవాబు రెండో ప్రశ్న కింద రికార్డవుతుంది.

"పక్కనుంచి ఎవరో చెప్పిస్తున్నారు" అని అభ్యంతరం

ఇది బిడ్డ మీద కోపంతో అన్న మాట కాదు, అవతలి లాయరు పని అది. నేను ఫ్రేములో లేకపోతే ఆయన అనుమానం న్యాయమే. మొదలుపెట్టే ముందు కెమెరాను గది నాలుగు మూలలా తిప్పి చూపించండి, తలుపుతో సహా. ఫోన్లు బయట ఇచ్చేయండి. తోడు కూర్చున్నవాళ్లు బిడ్డకు కాస్త వెనగ్గా, కెమెరాలో చేతులు కనిపించేలా కూర్చోవాలి. తల ఊపకండి, "ఊ" కొట్టకండి, బిడ్డ మీ వైపు చూస్తే మీరు తెర వైపు చూడండి. నీళ్లు కావాలన్నా, ఒంటికి పోవాలన్నా, మీరు చెయ్యెత్తి కోర్టును అడగండి. మాటిమాటికీ విరామం ఇవ్వడానికి చట్టమే అవకాశమిచ్చింది.

బిడ్డ చూపించింది కోర్టుకు చేరలేదు

"ఎక్కడ పట్టుకున్నాడు?" అన్న ప్రశ్నకు చిన్నబిడ్డలు నోటితో చెప్పరు, చేత్తో చూపిస్తారు. కెమెరా మెడ వరకే ఉంటే అవతల కనిపించేది ఏమీ లేదు. అందుకే బిడ్డ కుర్చీ వెనక్కి జరిపి, నడుము కిందిదాకా, ముందున్న టేబుల్‌తో సహా ఫ్రేములోకి తేవాలి. ఆటబొమ్మ మీద బిడ్డ చూపిస్తే, తల ఊపితే, "సాక్షి ఫలానా చోట చూపించింది" అని జడ్జిగారు పైకి చెప్పి రాయిస్తేనే అది సాక్ష్యం అవుతుంది. రాయలేదనిపిస్తే పీపీకి చీటీ పంపండి, తర్వాత చెప్పి లాభం లేదు. కెమెరా బిడ్డ కళ్ల ఎత్తులో ఉండాలి. పైన గోడకు ఉంటే బిడ్డ తెర వంక చూస్తున్నా, అవతలికి తల దించుకుని తప్పించుకుంటున్నట్టు కనిపిస్తుంది.

భాష సంగతి మన జిల్లాల్లో తేలిగ్గా తీసుకోకూడదు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు నుంచి వచ్చే బిడ్డల్లో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు ఉంటారు. ఉర్దూ మాట్లాడే బిడ్డలుంటారు. యానాది కాలనీల బిడ్డలు మాట్లాడేది తెలుగే అయినా వాళ్ల మాట వేరు, శరీర భాగాలకు వాళ్లు వాడే పేర్లు వేరు. "తెలుగు వచ్చు కదా" అని వదిలేస్తే మధ్యలో మౌనం వస్తుంది. దుబాసీని గానీ, బిడ్డ మాట తీరు తెలిసినవాళ్లను గానీ పెట్టమని పోక్సో చట్టం 38వ సెక్షన్ కింద ముందే అడగండి. మాట్లాడలేని సాక్షి అయితే 2023 భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం సైగలతో, రాతతో చెప్పొచ్చు. అలాంటప్పుడు దుబాసీ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం తీసుకుని, ఆ వాంగ్మూలాన్ని వీడియో తీయాలి.

గదికి చేరేలోపే బిడ్డ వణికిపోతోంది

గదిలో ఎంత మంచి ఏర్పాటు ఉన్నా, గేటు దగ్గర టీ కొట్టు ముందు ముద్దాయి తరఫు వాళ్లు నిలబడి చూస్తుంటే అంతా వృథా. కేసు పిలిచేదాకా చెట్టు కింద కూర్చోబెట్టడం, అందరూ వచ్చే దారిలోనే తీసుకురావడం, ఇవీ కారణాలు. బిడ్డకు వేరే సమయం ఇవ్వమని ముందు వాయిదాలోనే అడగండి. వేరే గేటుంటే ఆ గేటు నుంచి నేరుగా గదికి తీసుకురండి. అదీ కుదరకపోతే బిడ్డ అసలు కోర్టుకే రానక్కర్లేదు. ఆసుపత్రి, షెల్టర్ హోమ్, న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు లాంటి చోటును రిమోట్ పాయింట్‌గా పెట్టమని కోరవచ్చు. ఎక్కడైనా సరే, చెప్పిన సమయానికి కనీసం అరగంట ముందే బిడ్డ ఆ గదిలో ఉండాలి. తెర మీద జడ్జిగారు ఎలా కనిపిస్తారో, కుర్చీ ఎంత ఎత్తో అలవాటు పడాలి కదా! బెదిరింపులుంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎవరిని అడగాలో తెలియకపోతే న్యాయసహాయానికి 15100, పిల్లల కోసం 1098.

మధ్యలో కరెంటు, నెట్ పోయింది

కార్తీకంలో వాన పట్టుకుంటే తిరుపతిలో ఇది మామూలే. కంప్యూటర్‌కే కాదు, రూటర్‌కు కూడా యూపీఎస్ ఉందో లేదో చూడండి. చాలాచోట్ల దాన్ని మరిచిపోతారు. లైను తెగినప్పుడు ఆఖరి ప్రశ్న ఏది, ఆఖరి జవాబు ఏది, టైము ఎంత అని కాగితం మీద రాసుకోండి. మళ్లీ కలిసాక అక్కడి నుంచే మొదలవ్వాలి. "మొదటి నుంచి చెప్పమ్మా" అనిపించకండి. జరిగినదాన్ని బిడ్డ మళ్లీ మొదటి నుంచి తలుచుకోవాల్సి వస్తుంది, రెండోసారి చెప్పినదాంట్లో ఒక మాట తేడా వస్తే అదొక కొత్త వాదన.

"వీడియో సాక్ష్యం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకేగా?"

కాదు. స్మృతి తుకారాం బడాదే కేసులో 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఈ గీతను చెరిపేసింది. లైంగిక దాడికి గురైనవాళ్లు ఏ వయసువాళ్లయినా, ఆడైనా మగైనా, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, చెవిటి మూగ వాళ్లు, ఇతర వైకల్యాలున్నవాళ్లు, ప్రాణభయం ఉన్నవాళ్లు, రక్షణ అవసరమైన సాక్షి (వల్నరబుల్ విట్‌నెస్) అని కోర్టు భావించిన ఎవరైనా ఇందులోకి వస్తారు. ఎదురుగా లేని సాక్ష్యం చెల్లదనే వాదనకు 2003లోనే ప్రఫుల్ దేశాయ్ కేసులో జవాబొచ్చింది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం) కూడా ఆడియో వీడియో ద్వారా సాక్ష్యాన్ని ఒప్పుకుంటుంది.

ముద్దాయిని గుర్తుపట్టడం ఎలా?

బిడ్డకు అతను కనిపించకూడదు, కానీ ప్రాసిక్యూషన్‌కు గుర్తింపు కావాలి. దీన్ని చీఫ్ మధ్యలో పెడితే ఆ తర్వాత బిడ్డ మాట్లాడదు. చివర్లో, బిడ్డను ముందే సిద్ధం చేసి, ఒక్క క్షణం తెర మీద గానీ ఫోటో ద్వారా గానీ చూపించే పద్ధతిని పీపీ ముందుగానే జడ్జిగారి ముందు పెట్టాలి. నిర్ణయం జడ్జిగారిదే. ఏదైనా సరే, బిడ్డకు చెప్పకుండా హఠాత్తుగా చూపించకూడదు.

చదివి వినిపించడం, సంతకం

అప్పటికి భోజనం వేళవుతుంది, హాల్లో అందరూ లేచిపోతుంటారు. వాంగ్మూలాన్ని గబగబా చదివేసి సంతకానికి పంపుతారు. ఆపమని అడగండి. బిడ్డకు అర్థమయ్యే భాషలో, వినపడే వేగంతో చదవాలి. తను అనని మాట ఉంటే బిడ్డ చెప్పే వీలుండాలి, దాన్ని జడ్జిగారు నోట్ చేస్తారు. రిమోట్ పాయింట్ దూరంగా ఉంటే ఆ కాగితం మెయిల్‌లో వస్తుంది. ప్రింటు తీసి, బిడ్డ సంతకం పెట్టాక స్కాన్ తిరిగి పంపి, అసలు కాగితాన్ని వీలైనంతవరకు మూడు రోజుల్లోపు స్పీడ్ పోస్టులో కోర్టుకు పంపాలి. ఆ గదిలో ప్రింటర్‌లో కాగితాలు, ఇంకు ఉన్నాయో లేదో పొద్దున్నే చూసుకోండి.