ఇంటి ముందు తురాయి చెట్టు: సమస్యలు, పరిష్కారాలు

గాలిదుమారానికి కొమ్మలు విరిగిపడుతున్నాయి

వరంగల్, కరీంనగర్ వైపు ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. ఏప్రిల్, మే నెలల్లో చెట్టు నిండా పూలుంటాయి, సాయంత్రం గాలిదుమారం లేస్తుంది, పొద్దున చూస్తే పెద్ద కొమ్మ కారు మీద ఉంటుంది. తురాయి (గుల్‌మొహర్) తొందరగా పెరుగుతుంది, అందుకే దాని కలప పెళుసు. పైగా ఒకేచోట నుంచి సమానమైన లావుతో రెండు కొమ్మలు లేస్తే, ఆ సందులో బెరడు ఇరుక్కుని అతుకు గట్టిగా ఉండదు. బరువెక్కాక అక్కడే చీలుతుంది.

మొక్క లేతగా ఉన్నప్పుడే ఒక్క కాండం ఉంచి, పోటీగా లేచేదాన్ని తీసేయండి. పెద్ద చెట్టయితే ఆకు రాలిన ఫిబ్రవరిలో కొమ్మల తీరు స్పష్టంగా కనిపిస్తుంది. ఎండినవి, ఒరుసుకునేవి, ఇంటి మీదికి వాలినవి మాత్రమే కొట్టించండి. కూలీలకు అప్పజెప్పి మోడుగా నరికించడం మాత్రం దయచేసి వద్దు. ఆ మోడు నుంచి గుత్తులుగా వచ్చే చిగుళ్లకు పట్టు ఉండదు, నాలుగేళ్లకు అవే ముందు విరుగుతాయి. కరెంటు తీగలకు తగులుతుంటే లైన్‌మన్‌ని పిలవాలి, మీరు కొట్టొద్దు.

ప్రహరీ పగులుతోంది, టైల్స్ లేస్తున్నాయి

దీని వేర్లు పైపైనే పాకుతాయి. రోజూ కొంచెం కొంచెం నీళ్లు పోస్తే ఇంకా పైకే వస్తాయి. మొక్కకు పదిరోజులకోసారి, లోతుగా తడిసేలా పెట్టండి. గోడ పక్కన లావు వేర్లు నరికితే చెట్టుకు ఆ వైపు పట్టు పోతుంది, గాలికి కూలే ప్రమాదం ఉంది. అసలు గోడకు 25 అడుగుల దూరం లేకపోతే తురాయి పెట్టకపోవడమే మంచిది. 200 గజాల ప్లాటులో రేల చెట్టు చక్కగా సరిపోతుంది.

ఏపుగా పెరిగింది, పూలు లేవు

విత్తనం నుంచి వచ్చిన చెట్టుకు ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ తర్వాతా పూయకపోతే నీడైనా కారణం, యూరియా ఎక్కువైనా కారణం. యూరియా ఆపేయండి.

చలికాలం ఆకులన్నీ రాలుతున్నాయి

అది దాని స్వభావం. మందులేమీ వద్దు.

చెట్టు మొదలు దగ్గర చిప్పల్లాంటి పుట్టగొడుగులు

లోపల కుళ్లు పట్టిందని గుర్తు. మందు కొట్టినా ఆగదు. పిల్లలను కింద ఆడనివ్వకండి, చెట్ల గురించి తెలిసినవాళ్లకు చూపించి చెట్టును తీయించేయండి. కొట్టేముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి.