పార్టీ రాత్రికి ముందు షుగర్ ఉన్నవాళ్లు చూసుకోవాల్సినవి

షుగర్ ఉన్నవాళ్లు మద్యం జోలికి పోకపోతే అంతకన్నా మేలు లేదు. డ్రగ్స్ అయితే ఎవరికీ మంచివి కావు. అయితే పార్టీల సీజన్‌లో ఈ మాట చెవికెక్కించుకునేవాళ్లు కొద్దిమందే. వెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తారు కాబట్టి, ఏం చూసుకుని వెళ్లాలో చెప్పడమే నయం. ముఖ్యంగా ఇన్సులిన్ వేసుకునేవాళ్లూ, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు మింగేవాళ్లూ ఇది చదవాలి. షుగర్ పడిపోయే ముప్పు ఎక్కువగా వీళ్లకే.

రాత్రి నిద్రలో ఏమీ తినకపోయినా రక్తంలో చక్కెర నిలకడగా ఉంటోందంటే అది కాలేయం చలవే. దాచుకున్న నిల్వ నుంచి కొంత వదులుతుంది, కొత్తగా మరికొంత తయారుచేస్తుంది. మద్యం వెళ్లాక కాలేయం దాన్ని విరగ్గొట్టే పనిలో పడుతుంది, దాంతో కొత్త గ్లూకోజ్ తయారీ కుంటుపడుతుంది. సరిగ్గా తినకుండా తాగితే నిల్వ కూడా త్వరగా ఖాళీ అవుతుంది. ఇన్సులిన్ మాత్రం ఇవేవీ పట్టించుకోదు, తన పని తాను చేసుకుపోతుంది. అందుకే షుగర్ పడిపోవడం చాలాసార్లు తాగేటప్పుడు కాక తెల్లవారుజామునో, మర్నాడు పొద్దున్నో జరుగుతుంది. తాగాక 24 గంటల వరకూ ఈ ముప్పు ఉండొచ్చు. పార్టీలో గంటల తరబడి డాన్స్ చేసి ఉంటే అది కూడా తోడవుతుంది.

ఎక్కువమంది బోల్తాపడే చోటు ఒకటుంది. బీరులో పిండిపదార్థం ఉంటుంది, మద్యంలో కలిపే కూల్‌డ్రింకుల్లో, జ్యూసుల్లో చక్కెర ఉంటుంది. రాత్రి పదకొండింటికి మీటర్ 240 చూపిస్తుంది. కంగారుపడి రెండు మూడు యూనిట్లు అదనంగా వేసుకుని పడుకుంటారు. ఆ పెరుగుదల కాసేపటిది, దాని వెనకే తగ్గుదల కాచుకుని ఉంది. అదనంగా వేసిన ఆ యూనిట్లూ, పని ఆపేసిన కాలేయమూ కలిసి నాలుగింటికల్లా షుగర్‌ను 50కి దించేయొచ్చు. తాగిన రాత్రి పెరిగిన షుగర్‌ను ఎంతవరకు సరిచేయాలో ముందే మీ డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి. మొదటి గ్లాసు దిగాక వేసే లెక్కలు నమ్మదగ్గవి కావు.

షుగర్ పడిపోతే మాట తడబడుతుంది, చెమటలు పడతాయి, నడక తూలుతుంది, అయోమయంగా, చిరాగ్గా ఉంటుంది. చూసేవాళ్లకు అది అచ్చం మత్తులాగే కనిపిస్తుంది. ‘ఎక్కువైంది, పడుకోనీ’ అని దుప్పటి కప్పి వెళ్లిపోతారు. మొహమాటపడకుండా తోడొచ్చేవాళ్లలో ఒకరికైనా, వీలైతే ఆ రాత్రి తాగని మనిషికి, మీకు షుగర్ ఉందనీ, పడిపోతే ఎలా కనిపిస్తారనీ, మీటర్ ఏ జేబులో ఉందనీ చెప్పండి. షుగర్ ఉందని తెలిపే బ్రేస్‌లెట్ ఉంటే అది చేతికి ఉండాల్సిన రాత్రి ఇదే.

ఖాళీ కడుపుతో మొదలుపెట్టకండి. భోజనం చేసి వెళ్లండి, మధ్యలోనూ ఏదైనా తింటూ ఉండండి. మీటర్, స్ట్రిప్పులు, గ్లూకోజ్ బిళ్లలు మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరి బ్యాగులోనో వద్దు. వేలు గుచ్చే ముందు చెయ్యి కడుక్కోండి. వేలికి జ్యూసు అంటుకుని ఉంటే 65 ఉన్న షుగర్ కూడా 160గా కనిపించొచ్చు, మీరేమో ధైర్యంగా పడుకుంటారు. 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. పడుకునే ముందు ఎంత మత్తుగా ఉన్నా ఒకసారి చూసుకోవాలి. 100 దగ్గరో, అంతకన్నా తక్కువో ఉంటే తినకుండా పడుకోవద్దు. తెల్లవారుజామున అలారం పెట్టుకోండి. ఒంటికి అతికించుకుని షుగర్‌ను ఎప్పటికప్పుడు చూపించే సెన్సర్ వాడేవాళ్లు దాని అలారం మీతోపాటు ఇంకొకరి ఫోన్‌లోనూ మోగేలా చూసుకోండి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడిపోయే భయం తక్కువే. కానీ అతిగా తాగితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయే ప్రమాదం ఉంది, ఇది అరుదే గానీ ప్రాణాంతకం. చక్కెరను మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్ల సంగతి వేరు. తిండి మానేసి తాగితే కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి రక్తం ఆమ్లమయం కావచ్చు, దీన్నే కీటోఅసిడోసిస్ అంటారు. అప్పుడు షుగర్ అంకె మామూలుగానే ఉండొచ్చు కాబట్టి మీటర్ చూసి నిశ్చింతగా ఉండకూడదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే హ్యాంగోవర్ అని సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక డ్రగ్స్. మద్యం లెక్కే కాస్త అందుతుంది, వీటిలో ఏం కలిసిందో, ఎంత ఉందో కొన్నవాడికి తెలియదు. కొకైన్, యాంఫెటమిన్లు ఒంట్లో అడ్రినలిన్‌ను ఎగదోస్తాయి, దాంతో షుగర్ పెరుగుతుంది. అదే సమయంలో ఆకలి చంపేస్తాయి. తిండీ ఉండదు, ఇన్సులిన్ వేసుకోవాలన్న ధ్యాసా ఉండదు. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు ఇలా డోసులు మానేసి కీటోఅసిడోసిస్‌తో ఆసుపత్రి పాలవుతారు. ఎక్స్‌టసీతో గంటల తరబడి ఎగిరితే ఒంట్లో నీరు ఇంకిపోతుంది. దానికి భయపడి లీటర్ల కొద్దీ నీళ్లు తాగేసినా సోడియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. గంజాయి ఆకలిని రేపుతుంది, ఎంత తిన్నామో గుర్తుండదు. దీర్ఘకాలం వాడేవాళ్లలో కొందరికి ఆగని వాంతులు పట్టుకుంటాయి, అవి కీటోన్లకు దారితీస్తాయి. నల్లమందు జాతి మందులు, నిద్రమాత్రలు మనిషిని మొద్దునిద్రలోకి నెట్టేస్తాయి. షుగర్ పడిపోయినా మెలకువ రాదు, మద్యం కూడా తోడైతే ఊపిరే ఆగిపోవచ్చు.

ఏం తీసుకున్నా సరే, రోజంతా పనిచేసే ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఆ డోసు మాత్రం మానకూడదు. తాగాక గుర్తుండదనుకుంటే, ఆ రోజుకి దాన్ని ఎన్నింటికి వేసుకోవాలో డాక్టర్ని అడిగి పెట్టుకోండి.

తోడున్నవాళ్లకు కూడా ఒక మాట. లేపితే లేవని మనిషి నోట్లో పంచదారో, జ్యూసో పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి. గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉంటే ఇవ్వండి, కానీ ఇచ్చాం కదా అని ఊరుకోవద్దు. అది కాలేయంలోని నిల్వను బయటికి రప్పించే మందు, తాగిన మనిషిలో ఆ నిల్వ అయిపోయి ఉండొచ్చు. అంబులెన్స్ వాళ్లకు షుగర్ ఉందని, ఏ ఇన్సులిన్ ఎప్పుడు వేసుకున్నారో, ఏమేం తాగారో పీల్చారో దాచకుండా చెప్పండి. మీటర్, మాత్రల పట్టీ కూడా వాళ్లతో పంపండి.