అమెరికా ఎన్నికలను చదవడం నేర్చుకుందాం – ఆరో పాఠం: కిక్కిరిసిన ప్రైమరీ

గత పాఠంలో సిట్టింగ్ సభ్యుడు తిరిగి పోటీ చేసే ప్రైమరీని, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికను, ఎలా చదవాలో చూశాం. అక్కడ ఓటరు ముందున్న ప్రశ్న ఒక్కటే: ఉన్నవారిని కొనసాగించాలా, మార్చాలా? ఆ సభ్యుడు విరమించుకున్నా, రాజీనామా చేసినా, సెనేట్‌కు పోటీ చేయడానికి వెళ్లిపోయినా ప్రతినిధుల సభలోని ఆ స్థానం ఓపెన్ సీటు అవుతుంది. ఏళ్ల తరబడి అవకాశం కోసం ఎదురుచూసిన రాష్ట్ర శాసనసభ్యులు, మేయర్లు, మాజీ అధికారులు, సొంత డబ్బున్న కొత్తవారు అందరూ ఒక్కసారిగా బరిలోకి దిగుతారు. ఈ పాఠం పూర్తయ్యేసరికి అటువంటి ప్రైమరీ అభ్యర్థుల జాబితా చేతికి వస్తే, గెలవడానికి సుమారుగా ఎన్ని ఓట్లు కావాలో, అవి ఎవరికి ఎక్కడి నుంచి రాగలవో మీరే కాగితం మీద లెక్క వేసుకోగలగాలి.

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ టికెట్ ఎవరికివ్వాలో పార్టీ అధిష్ఠానం తేల్చి బీ-ఫారం చేతికిస్తుంది. అమెరికాలో ఆ పని చేసేది ప్రైమరీలో ఓటు వేసే సామాన్య ఓటర్లే. పైగా ఒకే పార్టీ బలంగా ఉన్న నియోజకవర్గంలో నవంబరులో పార్టీల మధ్య జరిగే అసలు పోలింగ్ నామమాత్రమే అవుతుంది కనుక, అసలు ఎంపిక ప్రైమరీ రోజునే జరిగిపోతుంది. పౌరసత్వం వచ్చిన మనవాళ్లలో నవంబరులో మాత్రమే ఓటు వేసేవారు ఎందరో ఉన్నారు. తమ నియోజకవర్గంలో ఏ ఓటుకు ఎక్కువ విలువ ఉందో వారికి తెలియాలన్నదే నేను ఈ పాఠాన్ని మిగతావాటికంటే పెద్దదిగా రాయడానికి కారణం.

నియమంతో మొదలుపెట్టండి

అభ్యర్థుల పేర్లు చదవకముందే రాష్ట్ర నియమం చదవాలి. న్యూయార్క్, మసాచుసెట్స్, మిషిగన్, వర్జీనియాల ప్రైమరీలలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారు గెలిచినట్టే. సగం ఓట్లు రావాలన్న షరతు లేదు. టెక్సస్, జార్జియా వంటి దక్షిణాది రాష్ట్రాలలో సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య మరో విడత పోలింగ్, అంటే రన్‌ఆఫ్ జరుగుతుంది. నార్త్ కరోలినాలో 30 శాతం దాటితే చాలు. మెయిన్ రాష్ట్రంలో ఓటర్లు అభ్యర్థులకు తమ మొదటి ఎంపిక, రెండో ఎంపిక అంటూ వరుస సంఖ్యలు ఇస్తారు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలలో పార్టీలతో నిమిత్తం లేకుండా మొదటి ఇద్దరు నవంబరుకు వెళ్తారు కనుక వాటి లెక్క వేరు. దానికి విడిగా ఒక పాఠం కేటాయిస్తాను.

నియమంతోపాటు ఎవరు ఓటు వేయవచ్చో కూడా చూడాలి. న్యూయార్క్‌లో ఆ పార్టీలో నమోదైన ఓటర్లకే ప్రవేశం. వర్జీనియాలో పార్టీ నమోదు అనేదే లేదు కాబట్టి నమోదైన ఓటరు ఎవరైనా ఏదో ఒక పార్టీ ప్రైమరీలో పాల్గొనవచ్చు.

గెలుపు సంఖ్య ఎంత చిన్నదో చూడండి

2018లో మసాచుసెట్స్ మూడో నియోజకవర్గంలో నికీ సాంగస్ విరమించుకున్నప్పుడు డెమొక్రటిక్ ప్రైమరీలో పదిమంది పోటీ చేశారు. లోరీ ట్రహాన్ సుమారు 22 శాతం ఓట్లతో గెలిచారు. తిరిగి లెక్కించాక రెండో స్థానంలో ఉన్న డాన్ కో మీద ఆమె ఆధిక్యం 145 ఓట్లు. 2020లో అదే రాష్ట్రంలో, సెనేట్ పోటీకి వెళ్లిన మూడో జోసెఫ్ కెనెడీ ఖాళీ చేసిన నాలుగో నియోజకవర్గంలో జేక్ ఆకిన్‌క్లాస్ గెలిచింది కూడా 22 శాతం ఓట్లతోనే. 2022లో న్యూయార్క్ పదో నియోజకవర్గంలో డాన్ గోల్డ్‌మన్‌కు దాదాపు 26 శాతం, 2024లో వర్జీనియా పదో నియోజకవర్గంలో సుహాస్ సుబ్రమణ్యంకు సుమారు 30 శాతం వచ్చాయి.

ఈ వరుసను బట్టి ఒక పని చేయదగిన అంచనా వస్తుంది. బ్యాలెట్ మీద పదిమంది ఉన్నా, నిజంగా పోటీలో ఉన్నవారు నలుగురైదుగురు అయితే గెలుపు గీత 22 నుంచి 31 శాతం మధ్య ఎక్కడో ఉంటుందనుకోవచ్చు. అదే నియోజకవర్గంలో, అదే పార్టీకి, అటువంటి సంవత్సరంలోనే జరిగిన పాత ప్రైమరీలో ఎన్ని ఓట్లు పోలయ్యాయో వెతికి, ఆ సంఖ్యలో 30 శాతం తీసుకోండి. 2024లో వర్జీనియా పదో నియోజకవర్గపు డెమొక్రటిక్ ప్రైమరీలో పోలైనవి సుమారు 44,000 ఓట్లు. విజేతకు వచ్చినవి 13,500 ప్రాంతం. 2020 జనాభా లెక్కల తరువాత ఒక్కో నియోజకవర్గ సగటు జనాభా 7.6 లక్షలని గుర్తుంచుకుంటే, వందకు ఇద్దరు కూడా లేని సమూహం ఒక పార్టీ అభ్యర్థిని ఖాయం చేసిందని అర్థమవుతుంది. ఒక పట్టణంలోని రెండు మూడు కాలనీల వారు కట్టుగా కదిలితే ఫలితం మారే స్థాయి ఇది.

ఓట్లు ఎవరి నుంచి చీలుతాయి?

ఈ పాఠంలో కఠినమైన భాగం ఇదే. ఎక్కువమంది పోటీ చేస్తే ఓట్లు చీలుతాయని అందరూ అంటారు. ఎవరి ఓట్లు చీలాయో చూపించడం మాత్రం చాలా అరుదుగా సాధ్యమవుతుంది, ఎందుకంటే అదే ఎన్నికను తక్కువమందితో మళ్లీ జరిపి చూడలేం. అలా చూసినంత పని 2018 ఆగస్టు 7న మిషిగన్ పదమూడో నియోజకవర్గంలో జరిగింది.

డెట్రాయిట్ నగరంలో కొంత భాగాన్నీ దాని శివార్లనూ కలిపిన ఆ స్థానం 2017 డిసెంబరులో జాన్ కానియర్స్ రాజీనామాతో ఖాళీ అయింది. మిగిలిన కొద్ది వారాల కాలానికి ఒక ప్రత్యేక ప్రైమరీ, 2019 జనవరిలో మొదలయ్యే పూర్తి కాలానికి మామూలు ప్రైమరీ ఒకే రోజున పెట్టారు. ప్రత్యేక ప్రైమరీలో నలుగురు: డెట్రాయిట్ నగర మండలి అధ్యక్షురాలు బ్రెండా జోన్స్, మాజీ రాష్ట్ర శాసనసభ్యురాలు రషీదా తలైబ్, వెస్ట్‌లాండ్ మేయర్ బిల్ వైల్డ్, కానియర్స్ బంధువు అయిన రాష్ట్ర సెనేటర్ ఇయన్ కానియర్స్. పూర్తికాలపు ప్రైమరీలో ఆ నలుగురితోపాటు కోల్‌మన్ యంగ్, షనెల్ జాక్సన్ అనే మరో ఇద్దరున్నారు. ఈ యంగ్ డెట్రాయిట్‌కు తొలి నల్లజాతి మేయరైన కోల్‌మన్ యంగ్ కుమారుడు; తండ్రి పేరే పెట్టుకున్నారు.

నలుగురున్న పోటీలో జోన్స్‌కు సుమారు 38 శాతం, తలైబ్‌కు 36 శాతం వచ్చి జోన్స్ గెలిచారు. ఆరుగురున్న పోటీలో తలైబ్‌కు 31 శాతం, జోన్స్‌కు 30 శాతం వచ్చి, సుమారు 900 ఓట్ల తేడాతో తలైబ్ గెలిచారు. తలైబ్ వాటా ఐదు పాయింట్ల దాకా తగ్గితే, జోన్స్ వాటా ఏడు పాయింట్లకు పైగా తగ్గింది. అదనంగా చేరినవారు ఇద్దరి పునాదినీ తిన్నారు గాని, డెట్రాయిట్ నగరంలో పేరున్న కుటుంబం నుంచి వచ్చిన యంగ్ ఉండడం వల్ల జోన్స్ పునాది ఎక్కువగా కరిగిందని చెప్పడానికి ఇది బలమైన ఆధారం. నవంబరులో పూర్తికాలపు స్థానానికి బ్యాలెట్ మీద రిపబ్లికన్ అభ్యర్థే లేరు. కాబట్టి ఆ 900 ఓట్లే తలైబ్‌ను ప్రతినిధుల సభకు పంపాయి; జోన్స్ 2018 నవంబరు చివరి నుంచి 2019 జనవరి 3 వరకు మాత్రమే సభలో కూర్చున్నారు.

ఇక్కడే చాలామంది తొందరపడి, తలైబ్ కేవలం ఓట్ల చీలికతో గెలిచిన బలహీన అభ్యర్థి అని తేల్చేస్తారు. 2020 ఆగస్టు ప్రైమరీలో అదే జోన్స్ ఆమెతో ముఖాముఖి తలపడ్డారు. తలైబ్‌కు దాదాపు 66 శాతం ఓట్లు వచ్చాయి. తొలి గెలుపు ఎంత సన్ననిదైనా, రెండేళ్ల పదవీకాలం దానిని గట్టిపరచగలదు. అందుకే కిక్కిరిసిన ప్రైమరీ ఫలితాన్ని చదివేటప్పుడు ఆ రోజు ఓటర్ల ముందు ఏ జాబితా ఉందో అంతవరకే తీర్పు చెప్పండి. ఆ అభ్యర్థి మొత్తం సత్తా మీద తీర్పు చెప్పకండి.

పునాదుల పట్టిక

ఇప్పుడు కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో అభ్యర్థి పేరు, రెండో గడిలో ఆ వ్యక్తి ఇదివరకు గెలిచిన ప్రాంతం లేదా పనిచేసిన రంగం, మూడో గడిలో ఆ ప్రాంతం నియోజకవర్గంలో ఎంత భాగమో, నాలుగో గడిలో అదే పునాది మీద నిలబడిన ఇతర అభ్యర్థులు ఎవరో రాయాలి.

వర్జీనియా పదో నియోజకవర్గంతో ఇది చేసి చూద్దాం. అనారోగ్యం కారణంగా తిరిగి పోటీ చేయనని జెన్నిఫర్ వెక్స్‌టన్ 2023 సెప్టెంబరులో ప్రకటించాక డెమొక్రటిక్ ప్రైమరీ బ్యాలెట్ మీద పన్నెండు పేర్లు వచ్చాయి. సుబ్రమణ్యం లౌడన్ కౌంటీ నుంచి ఎన్నికైన రాష్ట్ర సెనేటర్. డాన్ హెల్మర్ ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ వైపు నుంచి వచ్చిన రాష్ట్ర శాసనసభ్యుడు, మాజీ సైనికుడు. ఐలీన్ ఫిల్లర్-కార్న్ రాష్ట్ర శాసనసభ మాజీ స్పీకరు, ఆమెదీ ఫెయిర్‌ఫాక్స్. అతీఫ్ ఖర్నీ రాష్ట్ర విద్యాశాఖ మాజీ కార్యదర్శి, ఆయన బలం ప్రిన్స్ విలియం వైపు.

మూడో గడి నింపగానే చిత్రం స్పష్టమవుతుంది. లౌడన్ కౌంటీ మొత్తం ఈ నియోజకవర్గంలోనే ఉంది. 2020 లెక్కల్లో దాని జనాభా 4.2 లక్షలకు పైగా, అంటే నియోజకవర్గంలో సగానికి మించి. ఫెయిర్‌ఫాక్స్‌లో చిన్న ముక్క మాత్రమే ఇందులోకి వస్తుంది. యాష్‌బర్న్, ఆల్డీ, సౌత్ రైడింగ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఈ లౌడన్ కౌంటీలోనివే. విరమిస్తున్న వెక్స్‌టన్ స్వయంగా సుబ్రమణ్యంకు మద్దతు ప్రకటించడం దీనికి తోడైంది. 2024 జూన్ 18న ఆయన హెల్మర్ మీద మూడు నాలుగు పాయింట్ల తేడాతో గెలిచి, నవంబరులో వర్జీనియా నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన తొలి దక్షిణాసియా సంతతి వ్యక్తి అయ్యారు. లౌడన్ నుంచి మరో శాసనసభ్యుడు డేవిడ్ రీడ్ కూడా పోటీలో ఉన్నారు. ఆయన ఇంకాస్త బలపడి ఉంటే ఈ లెక్క ఎలా ఉండేదో నాలుగో గడి మీతో ఆలోచింపజేస్తుంది.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. మసాచుసెట్స్ మూడో నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ విరాళాలు సేకరించినది డాన్ కో. గెలిచినది ఆ నియోజకవర్గంలోని పెద్ద నగరమైన లోవెల్‌ను పునాదిగా చేసుకున్న ట్రహాన్. డబ్బు పేరును పరిచయం చేస్తుంది. అంతకు మించి అది తెచ్చే లాభాన్ని ఒక్కో పోటీలో విడిగా కొలవాలి.

అభ్యాసం

2022 ఆగస్టు 23న జరిగిన న్యూయార్క్ పదో నియోజకవర్గపు డెమొక్రటిక్ ప్రైమరీని తీసుకోండి. సరిహద్దులు కొత్తగా గీయడంతో దిగువ మన్‌హాటన్, బ్రూక్లిన్‌లోని కొంత భాగం కలిసిన ఓపెన్ సీటు ఏర్పడింది. సుమారు ఓట్ల శాతాలు ఇవి: డాన్ గోల్డ్‌మన్ 26, యూ-లీన్ నియూ 24, మాండేర్ జోన్స్ 18, కార్లీనా రివేరా 17. మిగతావి ఇతరులకు పోయాయి. ఎనిమిదేళ్లు నగర మేయరుగా పనిచేసి, బ్రూక్లిన్‌లోనే ఇల్లున్న బిల్ డి బ్లాసియో మద్దతు కూడగట్టలేక జులైలోనే తప్పుకున్నారు. మొదటి ప్రశ్న: ఆయన అనుభవం పునాదుల పట్టికలోని రెండో గడి గురించి ఏమి హెచ్చరిస్తోంది? రెండో ప్రశ్న: నియూ, జోన్స్, రివేరాల ఓట్లు కలిపితే 59 శాతం కాబట్టి ముఖాముఖి అయితే గోల్డ్‌మన్ ఓడిపోయేవారని వాదించవచ్చా?

మొదటిదానికి జవాబు: ఒక ప్రాంతంలో పూర్వం గెలిచారన్నది ఇప్పుడు అక్కడ ఇష్టపడుతున్నారనడానికి రుజువు కాదు. అందుచేత రెండో గడిలో పాత పదవితోపాటు ఇటీవలి సర్వేలలో ఆ పేరుకున్న అయిష్టతను కూడా రాసుకోవాలి.

రెండోదానికి జవాబు: అలా వాదించడానికి ఆ ఫలితం ఒక్కటే చాలదు. నియూ దిగువ మన్‌హాటన్ శాసనసభ్యురాలు, జోన్స్ మరో నియోజకవర్గం నుంచి వచ్చిన సిట్టింగ్ సభ్యుడు, రివేరా నగర మండలి సభ్యురాలై సీనియర్ ప్రతినిధి నిడియా వెలాస్కెస్ మద్దతు పొందినవారు. ముగ్గురి పునాదులూ వేరు; ఒకరు లేకపోతే వారి ఓట్లన్నీ గుత్తగా మరొకరికి చేరతాయనుకోలేం. న్యూయార్క్ నగరం 2021 నుంచి నగర పదవుల ప్రైమరీలలో ఐదుగురికి వరుస సంఖ్యలు ఇచ్చే పద్ధతి వాడుతున్నా, అది ప్రతినిధుల సభ ప్రైమరీకి వర్తించదు. మొదటి ఇద్దరికీ కలిపి వచ్చినవి సగం ఓట్లు; మిగతా సగం ఓటర్ల రెండో ఎంపిక ఏమిటో బ్యాలెట్ అడగనే లేదు.

వచ్చే పాఠం రన్‌ఆఫ్ గురించి. దానికి ముందు 2020 మార్చి 3న టెక్సస్ ఇరవై రెండో నియోజకవర్గంలో జరిగిన రిపబ్లికన్ ప్రైమరీ ఫలితాన్ని తెచ్చుకుని చూడండి. షుగర్‌ల్యాండ్ పరిసరాలలో ఉన్న ఆ స్థానాన్ని పీట్ ఓల్సన్ వదులుకోగా పదిహేనుమంది పోటీ చేశారు. ఫోర్ట్‌బెండ్ కౌంటీ షెరీఫ్ ట్రాయ్ నెల్స్‌కు సుమారు 40 శాతం, రెండో స్థానంలో నిలిచిన కాథలీన్ వాల్‌కు 20 శాతం లోపు వచ్చి, జులై 14న రన్‌ఆఫ్ జరిగింది. ఆ రన్‌ఆఫ్ ఫలితాన్ని చూడకుండా, మార్చి అంకెలతో పునాదుల పట్టిక నింపి, మిగిలిన పదమూడుమంది ఓట్లు ఎటు వెళ్తాయని మీరు అనుకుంటున్నారో శాతాల్లో రాసి ఉంచుకోండి.