ఆసుపత్రిలో పెద్దవాళ్ల దగ్గరుండేవాళ్లకు

కర్నూలు పెద్దాసుపత్రిలో అవ్వనో తాతనో చేర్పిస్తే, ఒక తెల్లకాగితం మీద ఇవి రాసి సిస్టర్‌కు ఇవ్వండి: ఇంట్లో ఎలా నడిచేవారు, ఏ చెవి వినపడదు, రోజూ ఏ మాత్రలు వేసుకుంటారు, మామూలుగా మాట తెలివిగా ఉంటుందా. ఈ చివరిది చాలా ముఖ్యం. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, మత్తుగా పడి ఉన్నా వయసు వల్లే అనుకోకండి. ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో నీళ్లు తగ్గి ఉండొచ్చు (మన సీమ ఎండలకు ఇది మరీ ఎక్కువ), మందుల వల్ల కూడా కావచ్చు. వెంటనే చెప్పండి. డ్యూటీ మారాక వచ్చిన సిస్టర్‌కూ ఆ కాగితం చూపించండి.

కదలలేనివారిని సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఎలా పట్టుకోవాలో సిస్టర్ దగ్గర నేర్చుకుని సాయం పట్టండి. ఒక్కరే లాగితే చర్మం ఒరుసుకుపోతుంది. కళ్లజోడు, కట్టుడు పళ్లు తప్పక తెచ్చుకోండి.