వానల ముందు గాలం: చక్రాల కుర్చీలో వెళ్ళేవారికి జాగ్రత్తలు

చెన్నైకి ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ మూడో వారంలో వస్తాయి. ఏడాది వానలో సగానికి పైగా అప్పటి నుంచి డిసెంబర్ ఆఖరు లోపే కురుస్తుంది. సరిగ్గా అప్పుడే మా గాలం బ్యాచ్‌కి హుషారు పుడుతుంది. కార్తీకంలో ఇంట్లో నీచు వండరు కాబట్టి, "పట్టినా వదిలేస్తాంలే" అని నచ్చజెప్పి మరీ బయల్దేరతాం. స్కూటర్ ప్రమాదంలో నా వెన్ను దెబ్బతిని పదకొండేళ్ళయింది. నడుము కింద స్పర్శ లేదు. మా జట్టులో చూపు లేని మిత్రుడొకరు, వినికిడి లేని మిత్రుడొకరు, ఇంకా మా బావమరిది. అతనే డ్రైవరు, అతనే కూలీ, చేప పడితే ఫొటో మాత్రం అతనిదే.

మాలాంటివాళ్ళు నీళ్ళ దగ్గరికి వెళ్తామంటే చుట్టాలందరికీ ఒకటే టెన్షన్: పడిపోతారేమోనని. నిజమే, అదీ ఉంది. కానీ నా అనుభవంలో ఎక్కువ ఇబ్బంది పెట్టింది తిరిగి వచ్చే దారి. పొద్దున గట్టిగా ఉన్న మట్టి మధ్యాహ్నం ఒక్క జల్లుకే బురదవుతుంది, ముందు చిన్న చక్రాలు కూరుకుపోతాయి. అందుకే వానలు మొదలవక ముందే, పొడిగా ఉన్న రోజున ఒకసారి గాలం లేకుండా వెళ్ళి, నీటి అంచు నుంచి కారు సీటులో కూర్చునే దాకా ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పెట్టి చూసుకోండి. నాకు ఇరవై రెండు నిమిషాలు. మబ్బు కమ్ముకుంటే పక్కవాళ్ళు "ఇంకో రెండు సార్లు వేసి పోదాం" అంటారు. వాళ్ళు పరిగెత్తగలరు. నేను అప్పటికే సామాను సర్దుతుంటాను.

కిందటేడు చూసిన ర్యాంపు ఈ ఏడాది కూడా ఉంటుందని నమ్ముకుని వెళ్ళొద్దు. మెరీనాలో చక్రాల కుర్చీల కోసం వేసిన చెక్కబాట 2022 నవంబర్ 27న ప్రారంభమైంది. రెండు వారాలు తిరక్కుండానే మాండూస్ తుపానుకి దెబ్బతింది, తర్వాత బాగుచేశారు. అది సముద్రం చూడ్డానికి వేసిన బాట, గాలం వేసే చోటు కాదు. నేర్చుకునేవాళ్ళకి నేనైతే చెట్‌పట్‌లోని మత్స్యశాఖ ఎకో పార్క్ చెరువు చెబుతాను. అలలు ఉండవు, ప్రవాహం ఉండదు. అయినా ముందు ఫోన్ చేసి, గాలం వేయనిస్తున్నారా, కుర్చీ ఎక్కడి దాకా వస్తుందో అడగండి. అడయార్ నది ఒడ్డుకి మాత్రం ఈ మూడు నెలలూ వెళ్ళకండి. చెంబరంబాక్కం చెరువు గేట్లు ఎత్తితే ఆ నీరంతా అందులోకే వస్తుంది, అప్పుడు నీటిమట్టం కళ్ళముందే పెరుగుతుంది.

కుర్చీ, బెల్టు, లైఫ్ జాకెట్

కుర్చీని నీటికి ఎదురుగా నిలపొద్దు, అంచుకి సమాంతరంగా పక్కవాటుగా పెట్టండి. బ్రేకు జారినా చక్రం నీళ్ళవైపు దొర్లదు. బ్రేకుల్ని మాత్రమే నమ్ముకోకుండా చక్రానికి అడ్డంగా ఒక చెక్కముక్క పెట్టండి. అమెరికాలో గాలం వేయడానికి నీళ్ళలోకి కట్టే వేదికలకి ఒక ప్రమాణం ఉంది: అంచుకి గట్టు కడితే అది కనీసం రెండు అంగుళాలు ఉండాలి, రెయిలింగులో కనీసం పావు వంతు 34 అంగుళాలకి మించి ఎత్తు ఉండకూడదు, కూర్చున్నవాళ్ళు గాలం వేయగలగాలి కదా. మన దగ్గర రెయిలింగు ఉంటే గొంతు దాకా ఉంటుంది, లేకపోతే అసలుండదు. గట్టు లేనిచోట మీ చెక్కముక్కే గట్టు.

బెల్టు సంగతి కాస్త చిక్కే. ఒళ్ళు నిలవని వాళ్ళకి ఛాతీ బెల్టు లేకుండా గాలం విసరడం కుదరదు. కానీ బెల్టుతో కుర్చీకి కట్టేసి ఉన్న మనిషి నీళ్ళలో పడితే కుర్చీ బరువు కిందికి లాగేస్తుంది. కాబట్టి గట్టు మీద, ఒంటిచేత్తో లాగితే ఊడొచ్చే వెల్‌క్రో బెల్టు సరే. ఇంట్లో కళ్ళు మూసుకుని పదిసార్లు తీసి చూడండి. పడవలో మాత్రం కుర్చీకి గానీ, పడవకి గానీ కట్టించుకోవద్దు, ఎవరు ఎంత ప్రేమగా చెప్పినా సరే. గాలపు కర్రని ముంజేతికి కట్టుకునేవాళ్ళకీ ఇదే మాట: లాగితే ఊడాలి.

లైఫ్ జాకెట్ కొని నేరుగా చెరువుకి రాకండి. కాళ్ళలో కండ కరిగిపోయినవాళ్ళకి కాళ్ళు పైకి తేలి మొహం నీళ్ళలోకి తిరగొచ్చు. తల వెనక కాలరున్న జాకెట్ తీసుకుని, ఇద్దరు తోడుండగా స్విమ్మింగ్ పూల్‌లో వేసుకుని చూడండి.

జెల్ల ముల్లు, ఫ్లాస్కు నీళ్ళు

ముత్తుకాడు వైపు ఉప్పునీళ్ళలో ఒకసారి నాకో జెల్ల పడింది. ఇక్కడివాళ్ళు కెళుత్తి అంటారు. వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి, మూడు ముళ్ళూ విషం ఉన్నవే. గాలం తీస్తుంటే జారి నా పాదం మీద పడింది. నొప్పి తెలియదు కాబట్టి నవ్వుకుంటూ ఇంకో ఎర గుచ్చాను. ఫుట్‌రెస్ట్ మీద రక్తం చూసింది మా బావమరిది. జెల్ల గుచ్చితే వేడినీళ్ళు పోయాలని ఎవరో చెప్పారట, టీ కోసం తెచ్చిన ఫ్లాస్కు తీసి పోసేశాడు. ముల్లు గాయం వారంలో మానింది. బొబ్బలు మానడానికి రెండు నెలలు పట్టింది.

వేడినీళ్ళ వైద్యం తప్పు కాదు. గాయాన్ని 45 డిగ్రీలు దాటని నీళ్ళలో అరగంట పైన ఉంచితే నొప్పి తగ్గుతుంది. కానీ ఆ వైద్యం నొప్పి తెలిసేవాళ్ళకి. స్పర్శ లేని కాలికి వేడినీళ్ళు వద్దు. మంచినీళ్ళతో కడిగి, గుడ్డ కట్టి, డాక్టర్ దగ్గరికి వెళ్ళి, టెటనస్ సూది సంగతి అడగండి. వెళ్ళేటప్పుడే, ఎంత ఉక్కగా ఉన్నా, ముందు మూసుకున్న బూట్లు వేసుకోండి.

వెన్నులో టీ6 (ఛాతీ వెనక ఉండే పూసల్లో ఆరోది) దగ్గర గానీ, అంతకంటే పైన గానీ దెబ్బ తగిలినవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. తెలియని గాయం గానీ, మెలిక పడిన యూరిన్ ట్యూబు గానీ బీపీని ఒక్కసారిగా పెంచేస్తాయి. దీన్ని ఆటోనమిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటారు. తల పగిలిపోతున్నట్టు నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు పడితే నిటారుగా కూర్చోబెట్టి, బెల్టులు వదులు చేసి, ముందు ట్యూబు చూడాలి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. పడుకోబెట్టకూడదు. ఈ సంగతి మీతో వచ్చే మనిషికి తెలియాలి, మీకొక్కరికే తెలిస్తే లాభం లేదు.

చూపు లేని మా మిత్రుడు గాలపు కర్ర కొసకి గజ్జె మువ్వ కట్టుకుంటాడు. బెండు మునగడం మేము చూసేలోపు అతను మువ్వ విని లాగేస్తాడు. అతని పెట్టెలో ప్రతి గాలానికీ బెండుముక్క గుచ్చి ఉంటుంది, కొక్కెం వెనక ముల్లు పటకారుతో నొక్కేసి ఉంటుంది. గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. ఆ పని చూపున్న మనమూ చేయొచ్చు.

పిడుగుల కాలంలో వినికిడి లేనివాళ్ళకి ఉరుము సాయం ఉండదు. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ పెట్టుకుని ఫోన్ వైబ్రేషన్‌లో ఉంచాలి, పక్కనున్నవాళ్ళు భుజం తట్టి చెప్పాలి. ఉరుము వినబడిందంటే పిడుగు మన దాకా వచ్చే దూరంలోనే ఉంది. కార్బన్ గాలపు కర్రలోంచి కరెంటు పోతుంది, ముందు దాన్ని కింద పెట్టేయండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా కారులోంచి దిగొద్దు. బ్యాటరీ కుర్చీ అయితే జాయ్‌స్టిక్ మీద జల్లు పడకుండా ఒక ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు జేబులో ఉంచుకోండి.

ఇంటికొచ్చాక వెంటనే మంచం ఎక్కకండి. ఉప్పునీళ్ళు తగిలిన కుర్చీని మంచినీళ్ళతో కడిగి, ముందు చక్రాల బేరింగులకి గ్రీజు పెట్టాలి. నేను ఒకసారి బద్ధకించాను, శనివారానికల్లా కుడి చక్రం కీచుమంటూ బిగుసుకుంది. తర్వాత చేతి అద్దం పట్టుకుని మడమలు, పిరుదులు, వేళ్ళ సందులు చూసుకోండి. గాలం వేసేటప్పుడు ప్రతి పావుగంటకీ చేతుల మీద ఒళ్ళు లేపి కూర్చోవాలని అందరికీ తెలుసు, చేప లాగుతున్నప్పుడు ఎవరికీ గుర్తుండదు. ఎర్రటి మచ్చ కనిపించి, అరగంటకీ పోకపోతే, అది పోయేదాకా ఆ చోటు మీద బరువు పెట్టకండి. గాలాలు అటక మీదే ఉండనీయండి.