చామనఛాయ ముఖానికి కన్సీలర్ ఎలా ఎంచుకోవాలి, ఎలా వేయాలి

బరంపురంలో పెళ్లికూతుళ్లకు మేకప్ చేయడం నా పని. మన తెలుగింటి పిల్లలు, ఒడియా పిల్లలు, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు, ఎవరైనా సరే తల్లిగారు నన్ను పక్కకు పిలిచి చెప్పేది ఒకటే: "కాస్త తెల్లగా కనబడేట్టు వెయ్యమ్మా." మచ్చలను, నలుపును కప్పే కన్సీలర్ దగ్గర ఆ మాట అసలు వినకూడదు. కళ్ల కింద నలుపు మీద బాగా తెల్లటి కన్సీలర్ రాస్తే నలుపు పోదు, బూడిద రంగుకు తిరుగుతుంది. ఫోటోల్లో మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ముందు నలుపును విరగ్గొట్టాలి, తర్వాత మీ ఒంటి రంగుతోనే కప్పాలి.

నలుపును విరగ్గొట్టేది కరెక్టర్ అనే రంగు క్రీమ్. చామనఛాయ వాళ్లకు పీచ్ రంగు, ఇంకా ముదురు ఛాయ వాళ్లకు నారింజ. కళ్ల కింద నీలం, గోధుమ కలిసిన నలుపుకూ, మొటిమలు మానాక మిగిలే గోధుమ మచ్చలకూ, మంగుకూ ఇవే పనిచేస్తాయి. ఆకుపచ్చ కరెక్టర్ ఎర్రగా ఉన్న మొటిమకే. నల్లమచ్చ మీద వేస్తే ముఖం జబ్బుపడ్డట్టు అవుతుంది.

కొనేముందు అద్దం పట్టుకుని కిటికీకి ఎదురుగా నిలబడండి. వెలుతురు నేరుగా ముఖం మీద పడినప్పుడు కళ్ల కింద నలుపు సగానికి తగ్గిందంటే అది రంగు కాదు, గుంట నీడ. దానికి కరెక్టర్ అక్కర్లేదు. మీ ఛాయకంటే ఒక్క మెట్టు లేత రంగు కన్సీలర్ గుంటలో కొంచెం వేస్తే చాలు. మచ్చలకైతే ఛాయ అచ్చంగా కలవాలి. లేత షేడ్ వేస్తే మచ్చ చుట్టూ దీపం పెట్టినట్టే.

షేడ్‌ని చేతి వెనక చూడకండి. దవడ దగ్గర గీత గీసి, దుకాణం ట్యూబ్‌లైట్ కింద కాకుండా గుమ్మం బయటికొచ్చి చూడండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. కొన్ని గాలి తగిలాక ముదురుతాయి. కళ్ల కిందకు పల్చటి లిక్విడ్, మచ్చలకు చిక్కటి క్రీమ్ లేదా స్టిక్. కొత్తదాన్ని ముందురోజే చెవి వెనక రాసుకుని దురద వస్తుందేమో చూసుకోండి. ట్యూబ్ మీద మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12 అని ఉంటే, తెరిచాక 12 నెలలే వాడాలి.

పెళ్లికి షేడ్ చూసుకునేవాళ్లు మంగళస్నానానికి ముందే ఆ పని ముగించాలి. ఒంటికి పసుపు పట్టాక చూస్తే, ఆ రంగు దిగాక ఆ ట్యూబ్ ఎందుకూ పనికిరాదు. పెళ్లిరోజు ముక్కు పక్కల, చెవుల దగ్గర పసుపు నిలిచిపోతుంది. సబ్బుతో రుద్దితే క్షారానికి ఎర్రగా మారుతుంది, పసుపు సున్నంతో కుంకుమ అయ్యేది ఇలాగే. పసుపు రంగు నీళ్లకు కాదు, నూనెకు కరుగుతుంది. దూదిని కొబ్బరినూనెలో ముంచి మెల్లగా తుడిచి, తర్వాత ఫేస్‌వాష్‌తో కడగండి. నూనె జిడ్డు మిగిలిందో, పైన వేసిందంతా జారుతుంది.

ఇక వేయడం. మాయిశ్చరైజర్, పగలైతే సన్‌స్క్రీన్ రాసి, అవి ఇంకేదాకా ఆగండి. కరెక్టర్‌ని నలుపున్నంత మేరకే, పల్చగా అద్దండి. దాని మీద ఫౌండేషన్ (ముఖమంతా ఒకే ఛాయ వచ్చేందుకు వేసేది) వేలితో తట్టండి, రుద్దితే కింది రంగు లేచొస్తుంది. ఇప్పుడు కన్సీలర్: కంటి లోపలి మూల దగ్గర ఒక చుక్క, బయటి చివర ఒక చుక్క, అంతే. వెంటనే కలపకండి. అర నిమిషం ఆగితే కొంచెం చిక్కబడి బాగా కప్పుతుంది. ఉంగరం వేలితోనో, తడిపి పిండిన స్పాంజ్‌తోనో అద్దండి. ఉంగరం వేలికి నొక్కే బలం తక్కువ, కంటి కింద చర్మం పల్చన, అందుకే ఆ వేలు. పైకి చూస్తూ, గీతలు పడ్డచోట మళ్లీ ఒకసారి తట్టి, వెంటనే లూజ్ పౌడర్ చిటికెడు అద్దండి. పౌడర్ మందంగా పోస్తే కళ్ల కింద ఎండి పగుళ్లు తేలతాయి. మచ్చకైతే సన్న బ్రష్‌తో మధ్యలో పెట్టి అంచులు మాత్రమే కలపాలి, నడిమిని కదపకూడదు.

ఒడియా పెళ్లికూతురికి నుదుట చందనం చుక్కలు పౌడర్ కుదిరాకే పెట్టాలి. మన వాళ్లకు బాసికం కట్టే చోట కన్సీలర్ వేయను, దారం రాపిడికి అట్ట కడుతుంది.

గోపాలపురం సముద్రం దగ్గరే కాబట్టి మా దగ్గర ఉక్క ఎక్కువ, దానికి హోమం వేడి తోడు. చెమట మీద పౌడర్ వేయకండి, ముద్ద అవుతుంది. ముందు టిష్యూ ఆనించి తడి లాగి, అప్పుడు పౌడర్. అప్పగింతల దగ్గర కన్నీళ్లు వస్తే టిష్యూ మడత అంచుని కింది రెప్ప దగ్గర పట్టుకోండి, చెంప మీదికి జారక ముందే పీల్చుకుంటుంది. పక్కనున్న ఆడపడుచుకో, చెల్లెలికో ఇది ముందే చూపించి నాలుగు టిష్యూలు చేతిలో పెట్టండి.